భుజం ఒప్పుకోవాలి

తుపాకీ రెండు వైపులా పేలుతుంది. ముందు వైపు సంగతి అందరూ మాట్లాడతారు. గుండు బరువెంత, వేగమెంత, మూడొందల గజాల దూరం పోయేసరికి ఎంత కిందికి జారుతుంది, ఎముక అడ్డమొస్తే ఆగుతుందా చీల్చుకుపోతుందా. వెనక వైపు సంగతి భుజానికే తెలుసు. పాపం, అది వాదనలకి దిగదు. రాత్రికి కాస్త కమిలి ఊరుకుంటుంది.

కొలరాడోలో ఆగస్టు నెల వచ్చిందంటే తుపాకుల దుకాణాల్లో కౌంటర్ల దగ్గర జనం కదలరు. ఎల్క్ అనే పెద్ద జింకల వేట లైసెన్సుల లాటరీలో పేరొచ్చినవాళ్ళు, రానివాళ్ళు, వేట మానేసి పదేళ్ళయినవాళ్ళు కూడా అక్కడే. ఏ క్యాలిబర్ వాడాలన్నదే చర్చ. టూ సెవెంటీ చాలంటాడొకడు. దాంతో కుందేళ్ళు కొట్టుకోమంటాడు ఇంకొకడు. ఎన్టీఆర్ గొప్పా ఏఎన్నార్ గొప్పా అని మా ఊరి టీ కొట్టు దగ్గర సాగిన వాదనలకి ఇవేమీ తీసిపోవు. ఎవరి అభిమానం వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చి ఉంటుంది, ఎవరూ ఎవరినీ ఒప్పించరు, సాయంత్రానికి అందరూ నవ్వుకుంటూ ఇళ్ళకి పోతారు.

వేట మా ఇంటావంటా లేదు. కాలేజీలో ఎన్‌సీసీ పుణ్యమా అని పాయింట్ టూటూ రైఫిల్ పట్టుకోవడం, పోలీసుల భుజాలకి వేలాడే త్రీ నాట్ త్రీని దూరం నుంచి చూడటం, అంతవరకే. డెన్వర్ దగ్గర ఇల్లు కొనుక్కున్నాక పక్కింటి పెద్దాయన వల్ల ఈ లోకం పరిచయమైంది. ఆయనకి డెబ్బై దాటాయి. ఏటా నవంబరులో ఒక ఆడ ఎల్క్‌కి లైసెన్సు తెచ్చుకుంటాడు, మాంసం ఫ్రీజరు నింపుకుంటాడు, మాకూ కాస్త ఇస్తాడు. కొవ్వు బొత్తిగా లేని మాంసం అది. మేక మాంసంలా హడావిడిగా వేయిస్తే చెప్పులు నమిలినట్టే. అల్లం వెల్లుల్లి పట్టించి, సన్నటి సెగ మీద గంటల తరబడి వదిలేస్తే అప్పుడు దారికొస్తుంది. ఈ విషయంలో నా మాట నమ్మొచ్చు.

ఎల్క్ మన నల్లమల కణుజుకి దాయాది. దానికంటే ఎత్తు, దానికంటే బరువు. మగది మూడొందల ఇరవై కిలోల దాకా తూగుతుంది, ఆడది రెండొందల పాతిక. శరదృతువులో ఎస్టెస్ పార్క్ వెళ్ళిన తెలుగు కుటుంబాలన్నీ దీన్ని చూసే ఉంటాయి. ఊరి నడిబొడ్డున గోల్ఫ్ మైదానంలో మేస్తూ, సెప్టెంబరులో మగవి ఈల వేసినట్టు అరుస్తుంటే పిల్లలు ఫోన్లు పట్టుకుని పరుగెత్తుతారు. పక్కనే రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఎల్క్‌లు వేటకి బలై దాదాపు తుడిచిపెట్టుకుపోతే, 1913, 14 సంవత్సరాల్లో ఎల్లోస్టోన్ నుంచి తెచ్చి వదిలారు. ఇప్పుడు అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ లేనన్ని ఎల్క్‌లు కొలరాడోలో ఉన్నాయి. తుపాకుల మీద, తూటాల మీద 1937 నాటి చట్టం వేసిన పన్ను వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది. చంపేవాడే పోషకుడు కూడా అన్నమాట. ఈ వింత నాకు మింగుడు పడటానికి చాలా కాలం పట్టింది. ఇప్పటికీ పూర్తిగా పడిందని చెప్పలేను.

ఇంత పెద్ద జంతువు గనక పెద్ద తుపాకీ కావాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఎల్క్ మొండి ప్రాణి కూడా. తగలరాని చోట తగిలితే ఎంత పెద్ద గుండైనా ఒంట్లో ఉంచుకుని కొండ దాటి పోతుంది. పక్కకి తిరిగి నిలబడినప్పుడు ముందు కాలి వెనక, గుండే ఊపిరితిత్తులూ ఉండే చోటు జానెడున్నర వెడల్పు. ఆ జానెడున్నరలో పడాలి. పడకపోతే ఎంత బరువైన గుండు వేశావన్నది ఎల్క్‌కి అనవసరం.

ఇక్కడే ఐడహో రాష్ట్రంలో స్థిరపడ్డ ఇద్దరు పెద్దమనుషుల్ని తలుచుకోవాలి. ఒకరు జాక్ ఓకానర్. అరిజోనా విశ్వవిద్యాలయంలో పత్రికా రచన పాఠాలు చెప్పి, ఆ తర్వాత ‘ఔట్‌డోర్ లైఫ్’ పత్రికలో దశాబ్దాల పాటు తుపాకుల గురించి రాసినవాడు. 1925లో వించెస్టర్ కంపెనీ తెచ్చిన టూ సెవెంటీ అంటే ఆయనకి ప్రాణం. తేలికపాటి గుండు, మంచి వేగం, భుజం భరించగలిగే తన్ను, పడాల్సిన చోట పడితే ఎల్క్ అయినా పడుతుంది అన్నది ఆయన వాదం. రెండోవాడు ఎల్మర్ కీత్. గడ్డి బీళ్ళలో, గుర్రాల మీద పెరిగినవాడు, వేటగాళ్ళని కొండల్లోకి తీసుకెళ్ళి బతికినవాడు. టూ సెవెంటీ ఎల్క్‌కి చాలదని, బరువైన లావుపాటి గుండు కావాలని జీవితాంతం రాశాడు. ఆయన చేయి పడిన త్రీ థర్టీ త్రీ తూటా బాటలోనే తర్వాత 1958లో త్రీ థర్టీ ఎయిట్ వించెస్టర్ మాగ్నమ్ వచ్చింది. ఓకానర్ 1978లో పోయాడు, కీత్ 1984లో. వాదన మాత్రం పోలేదు.

నేను ఓకానర్ పక్షమే. కానీ కీత్‌ని తీసిపారేయలేను. గైడుగా ఆయన చూసినది వేరు. అలవాటు లేని పట్నంవాళ్ళు, ఆయాసపడుతూ, వెనక్కి తిరిగి పరుగెత్తుతున్న ఎల్క్ మీద కాల్చిన గుళ్ళు. గాయపడినదాన్ని మంచులో నెత్తుటి చుక్కలు పట్టుకుని వెతకాల్సింది ఆయన. అలాంటివాడు బరువైన గుండు అడగటంలో న్యాయం ఉంది. ఓకానరేమో తను ఎలా కాలుస్తాడో ఆ లెక్కన లోకానికి సలహా ఇచ్చాడు. ఆయన భార్య ఎలినార్ ఇంకా తేలిక, 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాతో ఆఫ్రికా దాకా వెళ్ళి వేటాడింది.

ఆ 7 మిల్లీమీటర్ల తూటా కథే వేరు. రిగ్బీ అనే లండన్ కంపెనీ దానికి టూ సెవెంటీ ఫైవ్ అని పేరు పెట్టి అమ్మింది. జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతని కొట్టింది దాంతోనే. అంతకుముందు కారమోజో బెల్ అనే స్కాట్లాండ్ వాడు దంతాల కోసం వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు, వాటిలో ఎక్కువ భాగం ఈ చిన్న తూటాకే. ఆ మనిషి మీద నాకు గౌరవం లేదు, ఆ దంతాల వ్యాపారం మీద అసలే లేదు. కానీ ఏనుగు పుర్రెల్ని కోసి చూసి, మెదడు ఎక్కడుంటుందో ఏ వైపు నుంచైనా చెప్పగలిగేంతగా నేర్చుకున్నాడన్నది నిజం. అదే కాలంలో మిగతావాళ్ళు భుజం ఊడిపోయే డబుల్ రైఫిళ్ళు మోశారు. మన వైపు తిరుపతి కొండల దగ్గర చామల లోయ పులి కథ రాసిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నది పాయింట్ 405 వించెస్టర్, తన్నడంలో పేరుమోసినది. కోపంతో మీదికొచ్చే పులి ముందు నిలబడేవాడికి ఆ తన్ను గుర్తుండదు. దూరంగా ప్రశాంతంగా మేస్తున్న ఎల్క్ మీద గురిపెట్టేవాడికి గుర్తుంటుంది. తేడా అంతా అక్కడే ఉంది.

లెక్కలోకి వద్దాం. థర్టీ ఆట్ సిక్స్ తూటాని అమెరికా సైన్యం 1906లో తీసుకుంది. వేటగాళ్ళు దాన్ని ఇంకా వదల్లేదు. అందులో 180 గ్రెయిన్ల గుండు, అంటే పన్నెండు గ్రాములకి కాస్త తక్కువ, సెకనుకి 820 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. దాని వెనకే కాలిన మందు వాయువై ఇంకా వేగంగా ఎగజిమ్ముతుంది. ఈ రెండింటికీ కలిపి ఎంత ద్రవ్యవేగం ఉందో అంతా తుపాకీకి వెనక్కి రావాలి. న్యూటన్ మూడో సూత్రం, బడిలో బట్టీ పట్టినదే. తుపాకీ 3.6 కిలోలుంటే అది గంటకి దాదాపు 14 కిలోమీటర్ల వేగంతో భుజం మీదికి వస్తుంది. శక్తి రూపంలో 27 జౌల్స్. అదే బరువు తుపాకీలో సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మోర్ వేస్తే 16. త్రీ హండ్రెడ్ వించెస్టర్ మాగ్నమ్ వేస్తే 37. కొండలెక్కడానికి సులువని ఈమధ్య 2.7 కిలోల తుపాకులు చేస్తున్నారు. అందులో థర్టీ ఆట్ సిక్స్ వేసినా 35 దాటుతుంది. మోసేటప్పుడు మిగిలిన కష్టం కాల్చేటప్పుడు వడ్డీతో వసూలవుతుందన్నమాట. కంపెనీలవాళ్ళ ప్రకటనల్లో బరువు తగ్గిందని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఇది ఉండదు.

నన్ను ఆలోచనలో పడేసింది వేరే లెక్క. ముందుకు పోయే ఆ గుండు శక్తి 3,900 జౌల్స్ పైచిలుకు. భుజానికి తగిలేది 27. ప్రకృతి ద్రవ్యవేగాన్ని రెండు పక్కలా సరిసమానంగా పంచి, శక్తిని మాత్రం దాదాపు మొత్తంగా తేలికైనదాని చేతికిచ్చేసింది. ఎదుటి ప్రాణి మీదికి మనం పంపేదాంట్లో నూటికి ఒక వంతు కూడా మన మీదికి రాదు. ఆ కాస్తకే కళ్ళు మూసుకుంటాం.

మూసుకోవడం నిజంగా జరుగుతుంది. దీన్ని ఇక్కడివాళ్ళు ఫ్లించ్ అంటారు, మనం ఉలికిపాటు అనుకోవచ్చు. ఇందులో చిత్రం ఏమిటంటే, తన్ను వల్ల గురి తప్పదు. గుండు గొట్టం దాటి బయటపడటానికి సెకనులో వెయ్యో వంతు, ఇంకాస్త. ఆ లోపల తుపాకీ వెనక్కి జరిగేది రెండు మిల్లీమీటర్లు. ఆ చప్పుడు విని ఒళ్ళు స్పందించడానికి సెకనులో పదో వంతుకి పైగానే పడుతుంది. అంటే దెబ్బ తగిలిందని శరీరానికి తెలిసేసరికి గుండు వెళ్ళిపోయి చాలాసేపయింది. మరి గురి ఎందుకు తప్పుతుంది? దెబ్బ తగలబోతోందని శరీరం ముందే గుర్తు చేసుకుంటుంది గనక. ఇంతకుముందు తిన్న దెబ్బ ఇప్పటి గురిని చెడగొడుతుంది. భుజం ముందుకి నెట్టుకుంటుంది, వేలు ట్రిగ్గర్‌ని నొక్కాల్సింది పోయి గుంజుతుంది, కళ్ళు మూతపడతాయి. కాల్చినవాడికి ఇవేవీ తెలియవు. తుపాకీ మోతలో, అదురులో అన్నీ కప్పడిపోతాయి.

తెలియజెప్పే ఉపాయం ఒకటుంది. మాకు తెలిసిన ఒక కుర్రాడు, నల్గొండ వైపువాడు, ఇక్కడే ఉద్యోగం, కొత్తగా త్రీ హండ్రెడ్ విన్‌మాగ్ కొని షూటింగ్ రేంజికి వచ్చాడు. ఆరడుగుల మనిషి, జిమ్ములో తయారైన భుజాలు. గుళ్ళు మాత్రం కాగితం నిండా చెల్లాచెదురు. స్కోపు పాడైందన్నాడు. తూటాల బ్రాండు బాలేదన్నాడు. పెద్దాయన ఏమీ అనలేదు. తుపాకీ తాను నింపి ఇస్తానన్నాడు. ఒకసారి అసలు తూటా పెట్టాడు, ఒకసారి మందులేని డమ్మీ, ఏది ఎప్పుడన్నది చెప్పకుండా. డమ్మీ పడ్డప్పుడు టిక్కుమని చప్పుడు వచ్చింది, ఎక్కడా ఏ తన్నూ లేదు, కానీ గొట్టం చివర బెత్తెడు కిందికి పడింది, వాడి మొహం ముడుచుకుపోయింది. చూస్తున్నవాళ్ళందరికీ కనపడింది. వాడికీ కనపడింది.

“అంకుల్, ఎల్క్ అంత పెద్దది గదా, చిన్న తుపాకీతోని ఎట్ల?” అన్నాడు నా వైపు తిరిగి.

“ఎల్క్ పెద్దదే నాయనా. నువ్వు కొట్టాల్సిన చోటు జానెడున్నరే” అన్నాను.

వాడికి కోపమొచ్చిందేమో అనుకున్నాను. రాలేదు. ఆ పూటంతా పెద్దాయన ఇచ్చిన పాయింట్ టూటూతో కాలుస్తూ కూర్చున్నాడు. పావలా బిళ్ళంత చోట గుళ్ళన్నీ పడుతుంటే వాడి మొహం వికసించింది. పొరపాటు చేతిది కాదు, చెవిదీ జ్ఞాపకానిదీ అని అర్థమైనట్టుంది.

చెవిది అని ఎందుకంటున్నానంటే, ఉలికిపాటులో సగం మోత వల్లే. పెద్ద రైఫిల్ పేలితే 160 డెసిబెల్స్ దాటుతుంది. 140 దాటిన ఒక్క మోత చాలు చెవిని శాశ్వతంగా దెబ్బతీయడానికి. లోపల స్పంజి బిరడాలు, పైన చెవి డొప్పలు, రెండూ పెట్టుకుని కాల్చి చూస్తే అదే తుపాకీ సాధువైపోయినట్టు అనిపిస్తుంది. గొట్టం చివర మజిల్ బ్రేక్ బిగిస్తే తన్ను బాగా తగ్గుతుంది, నిజమే. కానీ ఆ వాయువుని పక్కలకి మళ్ళించి మోతని పెంచుతుంది. తన భుజం నొప్పిని పక్కవాడి చెవికి బదిలీ చేసే యంత్రం అది. రేంజిలో బ్రేక్ ఉన్నవాడి పక్కన బల్ల దొరికితే నేను కాఫీకి లేస్తాను.

మిగతా మందులన్నీ పాతవే. తుపాకీ వెనక మెత్తటి రబ్బరు దిండు. చేతుల పొడవుకి సరిపడే తుపాకీ కర్ర. నవంబరు చలికి వేసుకునే దళసరి కోటు ఆ కర్రని ఇంకో అంగుళం పొడుగు చేస్తుందని ఎండాకాలంలో కొనేవాడికి తోచదు. కంటికీ స్కోపుకీ మధ్య మూడున్నర అంగుళాలైనా ఉండాలి. ఎగువకి వాలి కాల్చేటప్పుడు ఆ దూరం తగ్గిపోతుంది. కనుబొమ మీద అర్ధచంద్రాకారం గాటు ఉన్న వేటగాళ్ళని ఇక్కడ ఎక్కడైనా చూడొచ్చు. బల్ల దగ్గర కూర్చుని కాలిస్తే దెబ్బ ఎక్కువ, నిలబడి కాలిస్తే తక్కువ, ఎందుకంటే నిలబడ్డ మనిషి వెనక్కి ఊగుతాడు, కూర్చున్నవాడికి ఊగే చోటు లేదు. పూటకి పది పన్నెండు గుళ్ళు చాలు, తర్వాత కాల్చే ప్రతి గుండూ ఉలికిపాటుకే శిక్షణ. ఇంట్లో ఖాళీ తుపాకీ, ఒకటికి రెండుసార్లు ఖాళీయేనని చూసుకుని, గోడ మీద చుక్కకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడం సాధన చేసేవాడు రేంజిలో పెట్టెల కొద్దీ కాల్చేవాడికన్నా బాగుపడతాడు. ఖర్చూ లేదు.

క్యాలిబర్ గురించి ఇంత గొడవ పడేవాళ్ళు గుండు ఎలా తయారైందన్నది అంతగా పట్టించుకోరు. నాకైతే అదే ముఖ్యం అనిపిస్తుంది. 1946లో జాన్ నాస్లర్ అనే ఆయన బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే భారీ జింక వేటకి వెళ్ళాడు. చేతిలో శక్తిమంతమైన త్రీ హండ్రెడ్ మాగ్నమే ఉంది. మూస్ ఒళ్ళంతా బురద పట్టి ఎండిపోయి ఉంది. ఆయన గుళ్ళు ఆ పైపొరల్లోనే చితికిపోయి లోపలికి దిగలేదు. ఇంటికొచ్చి, గుండు మధ్యలో రాగి అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చితకకుండా లోపలికి దిగుతుంది. 1948లో పార్టిషన్ పేరుతో అమ్మకానికి వచ్చింది, ఇప్పటికీ వస్తోంది. మంచి గుండు ఉంటే మధ్యరకం తుపాకీ పెద్ద తుపాకీ పని చేస్తుంది. ఇప్పుడు సీసం లేని పూర్తి రాగి గుళ్ళు కూడా ఉన్నాయి. వదిలేసిన పేగుల్లో సీసం ముక్కలు తిని గద్దలు, రాబందులు చస్తున్నాయని కాలిఫోర్నియాలో 2019 నుంచి వేటకి సీసం పూర్తిగా నిషేధం. ఆ చట్టం మంచిదే.

మన త్రీ నాట్ త్రీ సంగతి కూడా చెప్పాలి. పోలీసు స్టేషన్లలో తుప్పు పట్టినట్టు కనిపించే ఆ పాత తుపాకీని సినిమాల్లో వెక్కిరిస్తుంటారు. కెనడాలో తరతరాల రైతులు సైన్యం అమ్మేసిన అవే తుపాకుల్ని చవగ్గా కొని, కర్ర కాస్త చెక్కుకుని, మూస్‌నీ ఎల్క్‌నీ పడగొట్టి పిల్లల్ని సాకారు. వాళ్ళకి మాగ్నమ్ కొనే డబ్బు లేదు. ఉన్న తుపాకీ ఎలా పేలుతుందో ఒళ్ళంతా తెలుసు. దగ్గరికి వెళ్ళేవాళ్ళు, లేదా కాల్చకుండా తిరిగి వచ్చేవాళ్ళు.

కొలరాడో చట్టం ఎల్క్‌కి అడిగేది చాలా తక్కువ. గుండు వ్యాసం 6 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, బరువు 85 గ్రెయిన్లకి తగ్గకూడదు, విచ్చుకునే రకమై ఉండాలి, వంద గజాల దగ్గర 1,350 జౌల్స్ శక్తి మిగిలి ఉండాలి. అంతే. పై పరిమితి లేదు. చంపినదాని మాంసం అడవిలో వదిలేస్తే మాత్రం నేరం. నాకీ చట్టం నచ్చుతుంది. కనీసం ఎంత ఉండాలో చెప్పి, గరిష్ఠం ఎంతన్నది మనిషి భుజానికి వదిలేసింది. దురదృష్టం ఏమిటంటే ఆ నిర్ణయం భుజం చేయదు, దుకాణంలో నిలబడ్డ మనిషి చేస్తాడు. అక్కడ భయమని ఒప్పుకోవడానికి సిగ్గు. మగవాడు త్రీ హండ్రెడ్ తన్నుతుందని అంటే ఏమనుకుంటారోనని. పెద్దాయన భార్య ఇలాంటి సిగ్గులు లేని మనిషి. చాలా ఏళ్ళుగా సెవెన్ ఎంఎం నాట్ ఎయిట్ అనే చిన్న తూటాతోనే వేటాడుతుంది. రెండొందల గజాలు దాటితే కాల్చదు. ఆమె ఎల్క్‌లు నిలబడ్డ చోటికి దగ్గర్లోనే పడతాయి. పెద్దాయన మాగ్నమ్ అల్మారాలో ఉంది, ఆయన కూడా ఇప్పుడు ఆమె తుపాకీయే అడిగి తీసుకెళ్తున్నాడు.

ఈ మధ్య ఇక్కడి తెలుగు కుర్రాళ్ళు కొందరు ఎల్క్ వేటకి ఏ తుపాకీ కొనాలని అడుగుతున్నారు. టూ సెవెంటీ గానీ, త్రీ నాట్ ఎయిట్ గానీ, థర్టీ ఆట్ సిక్స్ గానీ, మూడున్నర కిలోలకి తగ్గని తుపాకీలో, మంచి గుండు వేసి. అంతకుమించి వద్దంటాను. అదీ కొనేముందు ఎవరిదైనా అడిగి ఒక పూట కాల్చి, మధ్యలో డమ్మీలు కలిపి, గొట్టం కదులుతుందో లేదో పక్కవాడిని చూడమనండి. కదిలితే ఒక మెట్టు దిగండి. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టం తుపాకీ ఉంచుకోనివ్వదు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కొనేముందు ఆ సంగతి తేల్చుకోండి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ పాసవనిదే కొలరాడోలో మామూలుగా లైసెన్సు ఇవ్వరు. లాటరీ దరఖాస్తుల గడువు ఏప్రిల్ మొదట్లోనే ముగుస్తుంది, క్లాసు ఈ చలికాలంలోనే పూర్తి చేసుకోండి.